గంట మోగని గోదా

2020 జనవరి 4. టోక్యో డోమ్‌లో ఆ రోజు నలభై వేల మంది జనం. మగవాళ్ల కుస్తీకి పేరుపడ్డ వేదిక అది. అక్కడ ఆడవాళ్ల పోటీ పెట్టడమే అరుదు. అసలు కార్యక్రమానికి ముందు, ఇంకా జనం సీట్లు వెతుక్కుంటున్న వేళ, ఇద్దరిద్దరు తలపడే ఓ పోటీ పెట్టారు. అందులో ఇరవై రెండేళ్ల హనా కిమురా బరిలోకి దిగింది. గులాబీ రంగు జుట్టు, సర్కస్ తారకూ సైన్సు కథలో సైనికురాలికీ మధ్యస్థంగా ఉండే వేషం. ఆ పోటీలో ఆమె జట్టు ఓడిపోయింది. ఓడిపోతే ఏం, కుస్తీ పట్టే అమ్మాయి టోక్యో డోమ్ ఎక్కిందంటే అక్కడికే సగం జన్మ సార్థకం.

ఆనాటి దుస్తుల్ని ఆమె దాచుకుంది. నాలుగు నెలల పంతొమ్మిది రోజుల తర్వాత ఆమె లేదు.

హనా ఎవరో మనలో చాలామందికి తెలియదు. మన ఊళ్లలో కుస్తీ అంటే మట్టి గోదా, లంగోటా, పహిల్వాన్. జపాన్‌లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ కుస్తీ మాత్రం సగం ఆట, సగం నాటకం. దెబ్బలు నిజం, కథ కల్పితం. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నది ముందే తేల్చుకుని దిగుతారు. హనా తల్లి క్యోకో కిమురా కూడా మల్లయోధురాలే. తండ్రి ఇండోనేషియా మనిషి. 1997 సెప్టెంబరు 3న యోకొహామాలో పుట్టిన ఈ పిల్ల తల్లి ఒక్కతి పెంపకంలోనే ఎదిగింది. 2016లో తొలి పోటీ. ఆ ఏడాదే తల్లీకూతుళ్లు ఒకే జట్టుగా ముగ్గురి జట్ల టైటిల్ గెలిచారు. 2017 జనవరిలో తల్లి ఆట మానేసిన రోజున గోదాలో పక్కన నిలబడింది కూతురే. తర్వాత స్టార్‌డమ్ అనే మహిళల కుస్తీ సంస్థలో ఆమె టోక్యో సైబర్ స్క్వాడ్ అనే జట్టుకు నాయకురాలైంది. 2019లో ఆ సంస్థ ఏటా నడిపే పెద్ద టోర్నమెంటు గెలిచింది. మూడేళ్లలో అంత ఎత్తుకు వెళ్లినవాళ్లు తక్కువ.

ఆమె ఎక్కువగా వేసింది దుష్టపాత్ర. గోదాలోకి వస్తూనే ప్రేక్షకుల్ని వెక్కిరించాలి, ఎదుటివాళ్లని అవమానించాలి, జనం ఛీ అనాలి. ఆ ఛీత్కారమే కూలి. జనం ఎంత గట్టిగా అరిస్తే పాత్ర అంత పండినట్టు. గంట మోగుతుంది, పోటీ అయిపోతుంది, ఇందాక తిట్టిన మనిషే బయట వరుసలో నిలబడి ఫొటో తీయించుకుంటాడు. తిట్టినవాడికీ తిట్లు తిన్నవాళ్లకీ మధ్య ఓ ఒప్పందం ఉంది. ఎవరూ రాసుకోని ఒప్పందమే అయినా ఇద్దరికీ తెలుసు.

ఈ ఒప్పందం మనకు కొత్తదేమీ కాదు. సూర్యకాంతం గారిని తలుచుకోండి. 1962లో గుండమ్మ వేషం వేసిన ఆవిడ పేరు చెబితే తెలుగునాట గయ్యాళి అత్త కళ్లముందు నిలుస్తుంది. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే జనం మానేశారని సరదాగా చెప్పుకుంటాం. హాల్లో ఆవిణ్ని తిట్టుకోని తెలుగు కోడలు లేదు. కానీ ఆ తిట్టు హాల్లోనే మిగిలిపోయింది. అది ఆవిడ ఇంటి గుమ్మం తొక్కలేదు. తొక్కే దారే లేదు. సినిమా చూసి కోపం వచ్చిన కోడలు ఓ కార్డు ముక్క కొని, ఉత్తరం రాసి, డబ్బాలో వేసి రావాలి. అంత దూరం వెళ్లేలోపు కోపం చల్లారి నవ్వొస్తుంది. తిట్టాలంటే పడాల్సిన ఆ శ్రమే ఆవిడకు కాపలా. హనా కాలానికి ఆ కాపలా లేదు.

*

2019 శరదృతువులో హనా ఓ టీవీ కార్యక్రమంలో చేరింది. పేరు టెర్రస్ హౌస్. 2012లో ఫుజీ టీవీ మొదలుపెట్టింది, 2015 నుంచి నెట్‌ఫ్లిక్స్ కూడా చూపిస్తూ వచ్చింది. ముగ్గురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు, అందమైన ఓ ఇల్లు, ఓ కారు. ప్రతి భాగం మొదట్లో ఒకే మాట చెప్పేవారు: మేం సమకూర్చింది ఇల్లూ కారూ మాత్రమే, స్క్రిప్టు అంటూ ఏదీ లేదు అని. వేరే గదిలో కొందరు హాస్యనటులూ తారలూ సోఫాల్లో కూర్చుని ఆ ఇంట్లోవాళ్ల నడవడి మీద వ్యాఖ్యానాలు చేస్తుండేవారు. ఎవరు స్వార్థపరులు, ఎవరు నటిస్తున్నారు, ఎవరి ప్రేమ దొంగప్రేమ అన్నది వాళ్లు తేల్చేవారు.

ఈ సోఫా సంగతి తేలిగ్గా తీసుకోకూడదని నా అభిప్రాయం. ఇంట్లో కూర్చుని చూసేవాడికి తీర్పు చెప్పే హక్కు ఉందని నేర్పింది ఆ సోఫానే. అక్కడ పేరున్నవాళ్లు నవ్వుతూ ఒకరిని దులిపేస్తే, ఇక్కడ పేరులేనివాడు నవ్వకుండా దులపడం మొదలుపెడతాడు. వాళ్లది వృత్తి, వీడిది ఆవేశం. చూసేవాడికి మాత్రం రెండూ ఒకటే ఆటలా కనిపిస్తాయి.

ఆ ఇంట్లో హనా బయటి హనా కాదు. గోదాలో అంతలా గర్జించే అమ్మాయి ఇక్కడ సిగ్గుపడింది, ఇంట్లోనే ఉన్న బాస్కెట్‌బాల్ ఆటగాణ్ని ఇష్టపడింది, ఆ ఇష్టం ఫలించక ఏడ్చింది. చాలామందికి ఆమె నచ్చింది కూడా. అది మరిచిపోకూడదు. ఆమె మీద తర్వాత విరుచుకుపడ్డవాళ్లలో అంతకుముందు ఆమెను ముద్దుచేసినవాళ్లు లేరని ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ బట్టల సంగతి. టోక్యో డోమ్‌లో వేసుకున్న దుస్తుల్ని ఉతుక్కుని మెషిన్‌లోనే మరిచిపోయింది హనా. అదే ఇంట్లో ఉండే ఓ యువకుడు, హాస్యనటుడు కావాలని కలలు కనేవాడు, లోపల ఏముందో చూసుకోకుండా తన బట్టలు కూడా వేసి ఉతికాడు, డ్రయ్యర్‌లో ఆరబెట్టాడు. ఆ వేడికి దుస్తులు ముడుచుకుపోయాయి. ఇక వేసుకోవడానికి పనికిరావు. ఇలాంటి బట్టలు కొట్లో దొరికేవి కావు. కొలతలిచ్చి కుట్టించుకోవాలి, సంపాదించినదాంట్లోంచి పెట్టుకోవాలి. పైగా ఆ జత మీద ఓ జ్ఞాపకం ఉంది. కెమెరాలు తిరుగుతుండగా హనా అతన్ని నిలదీసింది. ఏడుస్తూ అరిచింది. అతను నోరు మెదపలేదు. చివరికి అతని తలమీది టోపీని చేత్తో ఎగరగొట్టి వెళ్లిపోయింది.

అంతే. తప్పు ఎవరిదంటే ఇద్దరిదీ. మెషిన్‌లో వదిలేయడం ఆమెది, చూసుకోకపోవడం అతనిది. టోపీ కొట్టడం మర్యాద కాదు, నిజమే. ఏ హాస్టల్‌లోనైనా, ఏ పీజీలోనైనా వారానికి ఒకసారి జరిగే గొడవే ఇది. వారం రోజులు మాటలుండవు, తర్వాత ఎవరో ఒకరు టీ పెట్టి రెండో కప్పు కూడా నింపుతారు. ఇక్కడ మాత్రం ఆ గొడవను కోశారు, కుట్టారు, సంగీతం కలిపారు, సోఫా ముందు పెట్టారు. 2020 మార్చి 31న జపాన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వదిలారు.

తల్లి తర్వాత చెప్పిన మాట ఒకటుంది. అతన్ని చెంపదెబ్బ కొట్టమని సిబ్బందే అన్నారని కూతురు తనతో చెప్పిందట. ఫుజీ టీవీ తన విచారణలో బలవంతమేమీ కనబడలేదని 2020 జులైలో తేల్చుకుంది. ఆ గదిలో లేని మనం ఇందులో తీర్పు చెప్పలేం. ఒకటి మాత్రం చెప్పగలం. ‘స్క్రిప్టు లేదు’ అన్న ఒక్క మాటతో ఆమెకున్న పాత కవచం ఊడిపోయింది. గోదాలో చెడ్డదానిగా కనిపిస్తే అది వేషం. ఇక్కడ చెడ్డదానిగా కనిపిస్తే అది ఆమె గుణమే అయిపోయింది. చూసేవాడికి గంట వినిపించలేదు, ఎందుకంటే గంట కట్టనే లేదు.

*

ఆ భాగం వదిలిన రాత్రి నుంచే తిట్లు మొదలయ్యాయి. నీకు బతికే విలువ ఉందా, ఎప్పుడు చస్తావు, ఇంట్లోంచి వెళ్లిపో, నీ మొహం, నీ ఒళ్లు. కుస్తీ పట్టే ఆడపిల్ల కదా, ఒళ్లు తిట్టడం సులువు. రోజుకు వంద దాకా ఇలాంటివి వస్తున్నాయని ఆమే చివర్లో రాసుకుంది. గాయపడలేదని అనలేనని కూడా రాసుకుంది.

అసలు ఆన్‌లైన్ వేధింపు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఈ వంద అన్న సంఖ్య దగ్గర ఆగాలి. రాసినవాడికి తను రాసింది ఒక్కటే. ఒక్క వాక్యం, అర నిమిషం పని. రాసేసి అన్నం తినడానికి లేస్తాడు. మిగతా తొంభై తొమ్మిది రాసింది వాడు కాదు, వాటి సంగతి వాడికి తెలియదు. చదివే మనిషికి మాత్రం వందా ఒకే గొంతు. ఊరంతా కట్టకట్టుకుని తన గది బయట నిలబడ్డట్టు. ఎవరి చేతికీ రక్తం అంటని రాళ్లదెబ్బ ఇది. అందుకే తర్వాత ఎవణ్ని అడిగినా ‘నేనన్నది ఎంత, ఒక్క మాటేగా’ అంటాడు. వాడు అబద్ధమాడటం లేదు. ఈ వ్యవహారంలో భయంకరమైన సంగతి అదే.

మామూలు రోజుల్లో అయితే ఆమెకు ఓ విరుగుడు ఉండేది. ఫోన్ పక్కనపడేసి గోదాలోకి వెళ్తే అక్కడ తనను ఎరిగిన జనం ఉన్నారు. కానీ అది 2020 ఏప్రిల్. కరోనా వచ్చింది. ఏప్రిల్ 7న టోక్యోలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పోటీలు ఆగిపోయాయి, టెర్రస్ హౌస్ షూటింగ్ కూడా ఆగింది. చప్పట్లు కొట్టే చేతులన్నీ ఇళ్లలో బందీ. ఎదురుగా మిగిలింది ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్‌లో మంచి మాటలు లేకపోలేదు, ఆమెకు అభిమానులున్నారు. కానీ మనసు దెబ్బతిన్న మనిషి కన్ను వంద పొగడ్తలు దాటుకుని ఒక్క తిట్టు దగ్గర ఆగుతుంది. ఇది బలహీనత కాదు, మనందరి కన్నూ అంతే.

ఆమె తనను తాను గాయపరచుకుందని కార్యక్రమం సిబ్బందికి తెలిసింది. అయినా బండి ఆగలేదు. మే 14న ఆ బట్టల గొడవకు సంబంధించి అప్పటిదాకా చూపించని ముక్కలు యూట్యూబ్‌లో వచ్చాయి. మే 18 అర్ధరాత్రి దాటాక అదే భాగం ఫుజీ టీవీలో ప్రసారమైంది. ఆరిపోబోతున్న కట్టెను మళ్లీ ఎగదోసినట్టయింది. చూడనివాళ్లు చూశారు, మరిచిపోయినవాళ్లకు గుర్తొచ్చింది.

మే 23 తెల్లవారుజామున హనా తన ఖాతాల్లో చివరి మాటలు పెట్టింది. స్నేహితులు పరుగెత్తారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇరవై రెండేళ్లు. ఎలా పోయింది, ఏం రాసింది అన్నవి ఇక్కడ రాయను. అవి తెలుసుకుని మనం చేసేదేమీ లేదు, తెలియకపోతే పోయేదేమీ లేదు.

*

ఆ మధ్యాహ్నం వార్త వచ్చింది. ఆ సాయంత్రానికే ఖాతాలు మాయమవడం మొదలైంది. నిన్నటిదాకా నీతులు చెప్పిన పేర్లు లేవు, బొమ్మలు లేవు, రాతలు లేవు. చెరిపేసుకున్నవాళ్లకు తాము చేసింది ఏమిటో తెలుసు. తెలియకపోతే చెరపడం ఎందుకు?

అందరూ అలా పారిపోలేదు. నగానో ప్రాంతం మనిషి ఒకడు ఆమె చనిపోయిన తర్వాత కూడా రాశాడు. నీ చావు వల్ల నాకిష్టమైన కార్యక్రమం ఆగిపోయింది, నరకానికి పో అన్న ధోరణిలో. క్యోకో అతని మీద దావా వేసింది. 2021 మేలో టోక్యో జిల్లా కోర్టు సుమారు 12.9 లక్షల యెన్లు చెల్లించమని తీర్పిచ్చింది. అతను కోర్టుకు రాలేదు.

క్రిమినల్ కేసుల సంగతి వింటే ఇంకా చేదుగా ఉంటుంది. వందల ఖాతాలను పోలీసులు పరిశీలించారు. చివరికి శిక్ష పడింది ఇద్దరికి. ఒసాకాలో ఇరవైల్లో ఉన్న ఒకతను, ఫుకుయిలో ముప్పైల్లో ఉన్న మరొకతను. బతికే విలువ ఉందా, ఎప్పుడు చస్తావు అని అడిగింది ఆ ఒసాకా మనిషే. ఒక్కొక్కరికి 9,000 యెన్ల జరిమానా. అప్పటి మారకం లెక్కన ఆరు వేల రూపాయల చిల్లర. జపాన్ శిక్షాస్మృతిలో అవమానపరచడం అన్న నేరానికి అప్పుడున్న శిక్షే అంత: నెలకు లోపు నిర్బంధం, లేదా పదివేల యెన్ల లోపు జరిమానా. జడ్జి దయ చూపించాడని కాదు, చట్టం చేతిలో ఉన్న కర్ర పొడవే అంత. వీధిలో ఇద్దరు తిట్టుకుంటే వేయడానికి పెట్టుకున్న శిక్ష అది. వందలమంది ఒకేసారి ఒక్కరి పడకగదిలోకి వచ్చి తిడతారని ఆ చట్టం రాసినవాళ్లు కలగనలేదు.

ఆ ఇద్దరిదాకా చేరడమే ఎంత కష్టమైందో చెప్పాలి. పేరు దాచుకున్నవాడి పేరు బయటపెట్టించాలంటే అప్పటి పద్ధతిలో రెండు మెట్లు. ముందు సామాజిక మాధ్యమ సంస్థ నుంచి ఐపీ చిరునామా రాబట్టాలి. అది పట్టుకుని టెలికాం కంపెనీ మీదికి వెళ్లి పేరు రాబట్టాలి. రెండుచోట్లా కోర్టు గుమ్మం ఎక్కక తప్పదు. ఈలోపు టెలికాం కంపెనీల దగ్గర ఆ రికార్డులు ఉండేది మూడు నుంచి ఆరు నెలలు. నేరానికి కాలపరిమితి ఏడాది. కూతురి చితి ఆరకముందే తల్లి గడియారంతో పరుగు పందెం పెట్టుకోవాలన్నమాట. పెట్టుకుంది. ఎంతమందికి అంత ఓపిక, అంత డబ్బు, అంత మొండితనం ఉంటాయి?

క్యోకో గోదాలో ఉన్నప్పుడు ఆమెదీ దుష్టపాత్రే. ఆ మొండితనం ఇప్పుడు వేరే బరిలో పనికొచ్చింది. ‘రిమెంబర్ హనా’ పేరుతో ఓ సంస్థ పెట్టింది. బడులకు వెళ్లి మాట్లాడింది. మంత్రుల్ని కలిసింది, పార్లమెంటు గుమ్మాలు తొక్కింది. 2021 మార్చిలో ప్రసారాల నైతికతను చూసే స్వతంత్ర సంస్థ తన అభిప్రాయం చెప్పింది: మానవహక్కుల ఉల్లంఘన అనలేం గాని, పాల్గొన్న మనిషి మానసిక స్థితిని పట్టించుకోకుండా ప్రసారం చేయడం నైతికంగా తప్పు అని. తల్లికి అది సరిపోలేదు. 2022 డిసెంబరులో ఫుజీ టీవీ మీదా నిర్మాణ సంస్థల మీదా దావా వేసింది.

చట్టం మాత్రం కదిలింది. 2022 జూన్‌లో జపాన్ పార్లమెంటు శిక్షాస్మృతిని సవరించింది. జులై 7 నుంచి అవమానపరిచే నేరానికి ఏడాది దాకా జైలు, మూడు లక్షల యెన్ల దాకా జరిమానా. కాలపరిమితి ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది. అదే ఏడాది అక్టోబరు నుంచి పేరు బయటపెట్టించే రెండు మెట్లూ ఒక్కటయ్యాయి. 2025 ఏప్రిల్ నుంచి పెద్ద సంస్థలు తొలగింపు విన్నపాలకు ఏడు రోజుల్లోగా జవాబు చెప్పాలన్న నియమం వచ్చింది.

సవరణను వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. వాళ్లను దుర్మార్గులనలేం. రేపు ప్రభుత్వాన్ని విమర్శించినవాణ్ని కూడా ఇదే కర్రతో కొడితే ఏమిటి అని న్యాయవాదులు అడిగారు. అందుకే మూడేళ్ల తర్వాత ఈ చట్టం వాక్‌స్వేచ్ఛను అణచిందో లేదో తిరిగి చూడాలని ఓ షరతు చేర్చారు. ఈ భయం ఉత్తది కాదని మనకు బాగా తెలుసు. మన ఐటీ చట్టంలో 66ఏ అనే సెక్షన్ ఉండేది. 2012లో ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో ఓ మాట రాసిన అమ్మాయినీ, దాన్ని లైక్ కొట్టిన ఆమె స్నేహితురాల్నీ పోలీసులు అరెస్టు చేశారు. వేధింపును ఆపాల్సిన చట్టమే వేధింపైంది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. మంచిపనే చేసింది. కానీ ఆ తర్వాత ఆడపిల్ల ఫోన్‌లోకి బూతులు పంపేవాడు కూడా ‘ఇది నా వాక్‌స్వేచ్ఛ’ అనడం నేర్చుకున్నాడు. ప్రభుత్వాన్ని తిట్టడానికీ, ఇరవై రెండేళ్ల పిల్లను చావమనడానికీ తేడా తెలియనంత అమాయకులం కాదు మనం.

*

జపాన్ కథ జపాన్‌దే. అయినా తెలుగు ఇంట్లో కూర్చుని చదువుతుంటే ఎక్కడో తగులుతుంది. 2017 నుంచి మనకూ ఓ అద్దాల ఇల్లు ఉంది. అందులోకి వెళ్లినవాళ్లకు బయట ‘ఆర్మీ’లు పుడతాయి. ఒకరి ఆర్మీ ఇంకొకరి తల్లిని, చెల్లిని, పెళ్లాన్ని కామెంట్లలో లాగుతుంది. 2023 డిసెంబరులో బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్ రాత్రి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్ బయట కార్ల మీద దాడి జరిగింది, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. పగిలిన అద్దాలు మర్నాడు పేపర్లో వచ్చాయి, కేసులు నమోదయ్యాయి. ఆ సీజన్ నడిచినన్నాళ్లూ ఎందరి ఫోన్లలో ఏమేం పగిలిందో ఏ పేపర్లోనూ రాలేదు.

సెలబ్రిటీలకే ఈ గొడవ అనుకోవడానికి లేదు. ఇంటర్మీడియట్ చదివే పిల్ల రీల్ పెడితే కింద వచ్చే కామెంట్లు చూడండి. మీమ్స్ పేజీవాడు ఓ ఆవిడ మాట్లాడిన పది సెకన్ల ముక్క కోసి, దాని మీద నవ్వు సంగీతం వేసి వదులుతాడు. ఆవిడ ఎవరో, ముందూ వెనకా ఏమందో వాడికి అక్కర్లేదు. మనం నవ్వి ఫ్యామిలీ గ్రూపులో పంపిస్తాం. పంపినవాళ్లలో టీచర్లుంటారు, బ్యాంకు ఆఫీసర్లుంటారు, పొద్దున్నే భక్తి పాటలు పంపే మామయ్యలుంటారు. ఫేక్ ఐడీతో తిట్టేవాడు రాక్షసుడే కావచ్చు. కానీ ఆ రాక్షసుడికి జనాన్ని సమకూర్చేది సొంత పేరుతో, సొంత ఫొటోతో ఉన్న మర్యాదస్తులు.

మరి దెబ్బ తగులుతున్నవాళ్లు ఏం చేయాలి? ‘పట్టించుకోకు, అన్నీ వాళ్లే మానేస్తారు’ అన్న సలహా మన ఇళ్లలో మొదట వినిపిస్తుంది. హనాకూ ఎవరో చెప్పే ఉంటారు. రోజుకు వంద వస్తుంటే పట్టించుకోకుండా ఉండటం మనిషి చేతిలో ఉండదు. రెండో సలహా ఇంకా ఘోరం: ఫోన్ లాక్కోవడం, ఖాతా మూయించడం, ‘నువ్వెందుకు పెట్టావసలు’ అనడం. అప్పుడు ఆ పిల్లకు శత్రువులు వంద మంది కాదు, నూట ఇద్దరు.

ఫోన్ తీసుకోవాల్సిందే, కానీ అడిగి, ఆమె తరఫున చదవడానికి. ఆమె కళ్లబడకుండా ఎవరో ఒకరు కూర్చుని ఆ కామెంట్లు చూడాలి. ప్రతిదానికీ ఖాతా పేరు, తేదీ, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి. బ్లాక్ చేయడం, రిపోర్ట్ కొట్టడం ఆ తర్వాతే. ముందే బ్లాక్ చేస్తే సాక్ష్యం మన చేతి నుంచి జారిపోతుంది. హనా కేసులో ఎన్ని రాతలు గాల్లో కలిసిపోయాయో చూశాం. చావు బెదిరింపులు, వెంటపడటం, మార్ఫింగ్ ఫొటోలు ఉంటే ఆగకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఆడవాళ్లను ఆన్‌లైన్‌లో వెంటాడటాన్ని నేరమంటుంది. 79 మహిళ గౌరవాన్ని కించపరిచే మాటల గురించి, 351 బెదిరింపుల గురించి. అసభ్య చిత్రాలకు ఐటీ చట్టంలో 66ఈ, 67 సెక్షన్లు ఇంకా ఉన్నాయి. ఫిర్యాదును ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంట్లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. స్టేషన్‌లో ఎస్సై ‘ఇంత చిన్నదానికా అమ్మా’ అనే అవకాశం బాగానే ఉంది. అప్పుడు పక్కన ఇంకో మనిషి నిలబడి ఉండటం అవసరం. క్యోకో కూతురు పోయాక ఒంటరిగా ఎక్కిన మెట్లను, మనం మనుషులు ఉండగానే తోడుగా ఎక్కవచ్చు.

ఇవన్నీ రాస్తున్నా నాకు పెద్ద భ్రమలేమీ లేవు. చట్టం ఎప్పుడూ దెబ్బ తగిలాకే వస్తుంది. ఫిర్యాదు పెట్టినవాళ్లందరికీ న్యాయం జరగదు. స్క్రీన్‌షాట్లన్నీ పద్ధతిగా దాచినా రాత్రి రెండు గంటలకు ఆ పిల్ల ఒక్కతే ఫోన్ పట్టుకుని కూర్చుంటే అవి అక్కరకు రావు. ఆ గంటలో కావలసింది మనిషి. హనాను ప్రేమించినవాళ్లు తక్కువేం కాదు. తల్లి ఉంది, గోదా స్నేహితురాళ్లున్నారు, వేలల్లో అభిమానులున్నారు. కరోనా గోడల వెనక ఎవరింట్లో వాళ్లున్నారు. మనకిప్పుడు ఆ గోడలు లేవు.

అందుకని పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట్లో, మీ హాస్టల్‌లో, మీ ఆఫీసులో ఎవరైనా ఈమధ్య ఫోన్ చూసి ముఖం చిన్నబుచ్చుకుంటుంటే, తిండి తగ్గించి, మాట తగ్గించి గది తలుపేసుకుంటుంటే, ‘ఏం లేదు’ అన్న జవాబుతో వెనక్కి రాకండి. పక్కన కూర్చోండి. చావు మాట ఎత్తితే తేలిగ్గా కొట్టిపారేయకండి, అడగండి, వినండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మీకు చేతకాకపోతే 14416 నంబరు ఉంది. టెలి మానస్. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్‌లో దాచుకోండి.